ఎజ్రా నడక

విజయరాణి పూసలను ఒక్కొక్కటిగా తడిగుడ్డతో తుడిచి అట్టపెట్టెలో వేస్తోంది. రేగుపండంత ఉండే ఆ మెరిసే పూసలను మనిషి తుంటికి, మోకాలికి, మడమకు అతికించి గదిలో నడిపిస్తారు. గోడల మీది కెమెరాలు పూసలనే చూస్తాయి, మనిషిని చూడవు. తెర మీద మొహం ఉండదు, ఒళ్లు ఉండదు; చీకట్లో కొన్ని తెల్లచుక్కలు నడుస్తాయి. మొయినాబాద్ దాటాక ఉన్న ఆ ఫిజియోథెరపీ కాలేజీలో అటెండరుగా చేరినప్పటి నుంచి అతికించడం, ఊడదీయడం, తుడవడమే ఆమె పని. అంతకు మించి తన గురించి చెప్పుకోవడానికి ఏముందని ఆమే అంటుంది.

ఈరోజు మాత్రం తుడిచిన పూసనే మళ్లీ తుడుస్తోంది. పూసలు అక్కర్లేని కొత్త కెమెరాలు వచ్చాయి. సాయంత్రానికి పాత కంప్యూటరును తీసుకుపోతారు. అందులో ఎజ్రా ఉన్నాడు.

ఎజ్రా ఆమె భర్త. చేవెళ్ల మార్కెట్లో టమాట డబ్బాలు మోసి మోసి మోకాలు అరగదీసుకున్నవాడు. మోకాళ్ల నొప్పులున్న వాళ్ల నడక కావాలని పాఠాలు చెప్పే రత్నాకర్ సార్ అంటే, ఆమే తమ ఊరు సురంగల్ నుంచి బతిమాలి తీసుకొచ్చింది. ఎవరెవరికో జంకు లేకుండా పూసలు అతికించే మనిషికి, కాలేజీ పిల్లల ముందు సొంత మొగుడి తుంటి మీద చేయి వేయాలంటే ఎక్కడ లేని సిగ్గు ముంచుకొచ్చింది. గట్టిగా అదమకుండానే చేయి లాగేసుకుంది. ఎజ్రా ముసిముసిగా నవ్వాడు. గది మధ్యకు రాగానే ఆ పూస జారి కింద పడింది. అతను చూసుకోకుండా కుంటుతూ నడిచిపోయాడు.

మళ్లీ అతికించి మళ్లీ నడిపించారు. ఆ మంచి నడకలన్నీ పరిశోధన లెక్కల్లో కలిసిపోయాయి. చెడిపోయిన ఆ ఒక్కటే, పూసలు ఎలా అతికించకూడదో కొత్త పిల్లలకు చూపించడానికి మిగిలింది.

పోయిన వానాకాలం ఎజ్రా పొలం గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. మన సహోదరుడు విశ్రాంతిలో ప్రవేశించాడని సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థించారు. ఆమె ఆమేన్ అంది. ఆ తర్వాత కొత్త బ్యాచి వచ్చింది, లైట్లు ఆర్పారు, చీకట్లోంచి ఎజ్రా కుంటుతూ వచ్చాడు. చీపురు పట్టుకుని ఆమె అలాగే నిలబడిపోయింది. అప్పటి నుంచి ఏ బ్యాచి వచ్చినా వస్తూనే ఉన్నాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. చూడకపోతే ప్రాణం కొట్టుకుంటుంది. చూస్తే, కుడికాలు మోపినప్పుడల్లా ఆ చుక్కలన్నీ ఒక్కసారిగా వణకడం భరించలేకపోతుంది.

భోజనాల తర్వాత ఆఖరి క్లాసు మొదలైంది. "ఇది బ్యాడ్ ట్రయల్. అటెండర్ సరిగ్గ ప్రెస్ చెయ్యలే, మార్కర్ పడిపోయింది," అన్నాడు రత్నాకర్ సార్. పిల్లలు నవ్వారు. పూజిత అనే అమ్మాయి, "ఈయన ఎవరు సార్?" అని అడిగింది.

"ఎవరో పేషెంట్. యాదికి లేదు."

తలుపు దగ్గర నుంచి విజయరాణి, "మా ఆయన సార్," అంది.

మౌస్ మీద సార్ చేయి ఆగిపోయింది. ఎజ్రా పోయిన సంగతి ఆయనకు తెలుసు. పిల్లలను పంపేసి దగ్గరికి వచ్చాడు.

"ఇన్ని దినాలు చెప్పొద్దా విజయమ్మా? జర ఆగు, ఫోన్ల వీడియో తీసిస్త. ఆ పడిపోయింది కట్ చేసి, మంచిగున్న ముక్కనే ఇస్త."

"అది తీసేస్తె అందుల నేనేడుంట సార్?"

సార్ ఫోన్ తీసి తెర వైపు పట్టాడు.

"అసలు వీడియోనే వద్దు సార్. చేతిల ఉంటె నేను ఊకుంటనా, దినాం లేపి నడిపిస్త. ఆయనకు మోకాలు నొస్తది." ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. "ఇదొక్కసారి చూస్త. ఇగ బంద్ చేయుండ్రి."

సార్ లైటు ఆర్పాడు. ఎజ్రా వచ్చాడు. కుడికాలు మోపి వణికాడు, నిలదొక్కుకున్నాడు, మెల్లగా నడిచి తెర అంచు దాటి చీకట్లో కలిసిపోయాడు.

"ఇగ పండుకో," అంది విజయరాణి.

నల్లటి తెర మీద, నేల మట్టాన, ఆమె సరిగా అదమని పూస ఒక్కటే వెలుగుతూ ఉండిపోయింది.