సాక్ష్యంలో లేని ట్యాంకరు

సంజీవప్పను కాల్చింది పట్టపగలు, సంత నాడు, సాయంత్రం నాలుగు గంటలకు, బారు ముందర. చూసినవాళ్ళం రెండు వందల మందిమి. కోర్టులో సాక్ష్యం చెప్పినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ అబద్ధం చెప్పారు. మిగిలిన మేమందరం నోరు మూసుకున్నాం. ఇందులో ఏది ఎక్కువ రోతో విని మీరే తేల్చుకోండి.

అది ఎనభై ఆరో సంవత్సరం. కర్ణాటకలోని మా పావగడ తాలూకాలో వరసగా మూడో ఏడు వానల్లేవు. వేసిన చెనిక్కాయ పంట భూమిలోనే మాడిపోయింది. బావుల్లో రాళ్ళు తేలాయి. నిడుగల్లు కొండ కింది మా ఊరికి సర్కారు వారానికి రెండుసార్లు ట్యాంకరుతో తాగే నీళ్ళు పంపేది. ట్యాంకరు కాంట్రాక్టు శ్రీరామప్పది. సంత వీధిలో బారూ శ్రీరామప్పదే. అందుకని ట్యాంకరు మొదట బారు ముందు ఆగేది. బారు తొట్టి నిండేది. గ్లాసులు కడిగిన నీళ్ళు, తాగి కక్కినవాళ్ళ మూతులు కడిగిన నీళ్ళు కాలువలో పారేవి. ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో ఆ కంపులోనే నిలబడి, మిగిలేదాని కోసం కాచుకునేవాళ్ళు.

మా కూలి సంఘాన్ని నడిపింది ఇద్దరు. సంజీవప్ప ఒకడు, కదిరయ్య ఒకడు. కదిరయ్యది గొర్రెల కాపరుల కుటుంబం. కరువులో మంద పోయింది, కూలికి వచ్చాడు. నేను సంఘానికి కార్యదర్శిని. పదో తరగతి దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి అర్జీలు రాసే పని నాది.

ఆ రోజు ట్యాంకరు బారు ముందు ఆగగానే సంజీవప్ప వెళ్ళి పైపు తొట్టిలోంచి బయటికి లాగాడు.

"ముందు ఊరికి. మిగిల్తే మీ గ్లాసులకి" అన్నాడు.

శ్రీరామప్ప బామ్మర్ది బైలప్ప లోపలినుంచి తుపాకి పట్టుకొని వచ్చాడు. అడవి పందుల్ని కొట్టేదానికని లైసెన్సు తీసుకున్న తుపాకి.

"పైపు ఆడ పెట్టు" అన్నాడు.

"బైలప్పా, మీ ఇంట్లో ఆడోళ్ళు కూడా ఈ నీళ్ళే కదప్పా తాగేది" అన్నాడు సంజీవప్ప. కోపంగా కూడా అనలేదు.

బైలప్ప కాల్చాడు. దెబ్బ గొంతు కింద తగిలింది. సంజీవప్ప వెల్లకిలా పడ్డాడు. పైపు చేతిలోంచి జారి, నీళ్ళు ఆయన మీదుగా వీధిలోకి పారాయి.

జనం పరుగెత్తారు. పరుగెత్తే ముందు కొందరు ఆ పైపు కింద బిందెలు పెట్టారు. మా అమ్మ గుండమ్మ కూడా పెట్టింది. ఆ పూట మా ఇంట్లో అందరం ఆ నీళ్ళే తాగాం. నేనూ తాగాను.

మరునాడు పొద్దున పోలీసులు వచ్చి కదిరయ్యను పట్టుకుపోయారు. వాళ్ళు అల్లిన కథ ఇది: కదిరయ్య, సంజీవప్ప బారులో కలిసి తాగారు, బయటికొచ్చి గొడవపడ్డారు, కదిరయ్య నాటు తుపాకితో కాల్చాడు. కదిరయ్య జన్మలో సారాయి ముట్టినవాడు కాదు. అయినా ఆయన గుడిసెలోంచి తుపాకి ఒకటి తీసి చూపించారు. కళ్ళారా చూసిన సాక్షులు ఇద్దరు. ఒకడు బారులో సప్లయరు అంజినప్ప. రెండోవాడు చిక్కన్న. చిక్కన్న మాలాంటి కూలీ, మా సంఘం మనిషి. కేసు జిల్లా కోర్టుకు వెళ్ళేదాకా బారులో అతనికి రోజూ సీసా ఊరికే దొరికింది.

సంత అప్పటికే ముగిసి వీధి ఖాళీగా ఉందని, తాము తప్ప ఎవరూ లేరని ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పారు. ట్యాంకరు మాటే ఎత్తలేదు. హత్య జరిగిన చోటును చూసి పోలీసులు రాసిన మహజరులోనూ ట్యాంకరు లేదు. ట్యాంకరు ఉంటే నీళ్ళ సంగతి వస్తుంది, నీళ్ళ సంగతి వస్తే శ్రీరామప్ప వస్తాడు. జిల్లా కోర్టు కదిరయ్యకు యావజ్జీవం వేసింది.

సంజీవప్ప తల్లి లక్ష్మీదేవమ్మ ఆ సంత రోజున మేకలతో కొండ మీద ఉంది. పోలీసులు చెప్పిందే ఆమె నమ్మింది. శిక్ష పడిన రోజు కదిరయ్య భార్య హొన్నూరమ్మ గుమ్మం ముందు నిలబడి మన్నెత్తి పోసింది.

"నా ఇంట్లో నా కొడుకు తట్టలో తిన్న్యాడే నీ మొగుడు. ఆ చేత్తోనే సంపినాడు" అంది.

హొన్నూరమ్మ చీపురు తెచ్చి ఆ మన్ను ఊడ్చింది. చుట్టూ నిలబడిన మేము నిజం చెప్పలేదు. ట్యాంకరు ఏ వీధికి పోవాలో శ్రీరామప్ప చెయ్యి చూపిస్తే పోయేది. మా నాలుకలు ఆ చేతి కింద ఉన్నాయి.

మొగుడికి ఉత్తరం రాయడానికి హొన్నూరమ్మ నా దగ్గర అక్షరాలు నేర్చుకుంది. నేను నేర్పాను. ఆమె కళ్ళల్లోకి చూడకుండా నేర్పాను. జైలుకు పోయి వస్తూ, బెంగళూరులో కొందరు విద్యార్థుల్ని పట్టుకొని, వాళ్ళ ద్వారా ఒక లాయరును పట్టుకుంది. అప్పీలు వేసిన రెండేళ్ళకు ఆ లాయరు మా ఊరికి వచ్చాడు. పెద్దాయన. బడి వరండాలో కూర్చుని కాగితాలు ముందేసుకున్నాడు. ఊరంతా వచ్చింది.

"శవపరీక్ష చేసిన డాక్టరు ఒక మాట రాశాడు" అన్నాడు. "చొక్కా, పంచె పూర్తిగా తడిసి, బురద అంటి ఉన్నాయట. ఆ ఏడు ఇక్కడ కరువు. ఆ నీళ్ళు ఎక్కడివి?"

నేను నేల చూశాను. ఒకడు బీడీ ఆర్పాడు, ఇంకొకడు గొంతు సవరించుకున్నాడు. ఆ వరండాలో మా మౌనానికి వాసన ఉంది. బారు కాలువ వాసనే అది.

"అప్పీలులో మామూలుగా కొత్త సాక్షుల్ని పిలవరు. జడ్జీలు ఉన్న కాగితాలే చూస్తారు. ఈ కాగితాల్లో వీధి ఖాళీ. నీళ్ళు ఎక్కడివో నాకు తెలిస్తే, దానికి ఇంకో కాగితం వెతుక్కోవచ్చు" అన్నాడు లాయరు.

జనం వెనకనుంచి లక్ష్మీదేవమ్మ ముందుకు వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు.

"నీళ్ళేంది? నా కొడుకు తడిసి ఉండెనా?"

తడిసిన గుడ్డలు పోలీసుల దగ్గరే ఉండిపోయాయి. ఆమె చూసింది తెల్లగుడ్డలో చుట్టిన శవాన్ని.

ఆమె మా సంఘం మనిషి కొల్లప్ప ముందు నిలబడింది. "నువ్వు ఆ పొద్దు యాడుంటివి?"

"నేను సంతకే రాలేదు పెద్దమ్మా."

"వచ్చినావు. ఆ మాపు నేను కొండ దిగినప్పుడు నీ సంచిలో ఎండు మిరపకాయలు ఉండె. నువ్వు యాడుంటివి?"

కొల్లప్ప తల వంచుకున్నాడు. ఆమె మరొకరి దగ్గరికి వెళ్ళింది, ఇంకొకరి దగ్గరికి వెళ్ళింది. ఆమె మా అమ్మ ఎదుటికి వచ్చేసరికి అమ్మే లేచి నిలబడింది.

"ట్యాంకరు ఉండె, లచ్చిందేవమ్మా. బైలప్ప కాల్చినాడు. నీ కొడుకు నీళ్ళ కోసరమే సచ్చినాడు. ఆయప్ప మింద పారతా ఉన్న నీళ్ళకు నేను బిందె పెడితిని. మా ఇంట్లో మూడు దినాలుగా సుక్క లేకుండె."

లక్ష్మీదేవమ్మ నేల మీద ఉమ్మింది. మా అందరి ముఖాల మీదా పడ్డట్టే ఉంది. తరువాత నడుచుకుంటూ వెళ్ళి హొన్నూరమ్మ పక్కన కూర్చుంది. ఆమె చెయ్యి తీసుకోలేదు, క్షమించమని అడగలేదు. ఊరికే కూర్చుంది.

అప్పుడు నోళ్ళు లేచాయి. అందరూ ఒక్కసారే చెప్పబోయారు.

"చెప్పేది సులభమే. రేపట్నించి శ్రీరామప్ప నీళ్ళు నిలిపేస్తాడు. పిల్లోళ్ళకు ఏం పోయల్ల?" అన్నాడు కొల్లప్ప.

"ఇప్పుడు ఇచ్చేది నీళ్ళు అనుకుంటివా అన్నా?" అంది హొన్నూరమ్మ. "మన నోర్లు మూసేకి పోస్తా ఉండాడు. నా మొగుడు జైల్లో ఉండబట్టి మీరు తాగుతా ఉండారు."

కొల్లప్పే ముందుగా లేచి, తాను చూసింది లాయరుకు చెప్పాడు.

ట్యాంకర్ల రాకపోకలు రాసే రిజిస్టరు పావగడ తాలూకా ఆఫీసులో ఉంటుందని తెలిసింది. నలభై మందిమి బస్సెక్కి వెళ్ళాం. నకలు ఇవ్వడం కుదరదన్నాడు గుమాస్తా. మెట్ల మీద కూర్చున్నాం. రెండు రోజులు కూర్చున్నాం. ఆడవాళ్ళు అక్కడే రాగిముద్ద వండారు. మూడో రోజు నకలు చేతికొచ్చింది. ఆ తేదీ, మా ఊరు, సాయంత్రం నాలుగు, డ్రైవరు సంతకం.

హైకోర్టులో వాదన గంట కూడా జరగలేదు. ఇద్దరు జడ్జీలు. ఆ నకలును చూడడానికి ఒప్పుకున్నారు.

"ఇద్దరు సాక్షులూ వీధి ఖాళీ అన్నారు" అన్నాడు మా లాయరు. "శవం తడిసి ఉంది. ఆ గంటకు ట్యాంకరు అక్కడ ఉందని సర్కారు రిజిస్టరే చెబుతోంది. చిక్కన్న తాను టీ అంగడి దగ్గర నిలబడ్డానన్నాడు. టీ అంగడికీ బారుకూ మధ్యే ట్యాంకరు ఆగే చోటు. అంత పెద్ద ట్యాంకరును చూడని కళ్ళు దాని అవతల తుపాకి పట్టిన చేతిని ఎలా చూశాయి?"

ఆ రోజు వాన పడి ఉండవచ్చునన్నాడు సర్కారు లాయరు.

ఒక జడ్జి కళ్ళద్దాలు తీసి, "ఆ ఏడు, పావగడలోనా?" అని అడిగాడు. కోర్టులో నవ్వారు. వెనక బెంచీల మీద మేము నవ్వలేదు. మూడున్నరేళ్ళు ఒక మనిషిని బంధించిన అబద్ధం అంత పలచగా ఉంది.

సాక్షులు నమ్మదగినవాళ్ళు కారని తీర్పు చెప్పి కదిరయ్యను వదిలేశారు. తీర్పు చివర ఒక వాక్యం ఉంది. నిజంగా కాల్చింది ఎవరన్నది ఈ అప్పీలులో తేల్చవలసిన విషయం కాదట.

కదిరయ్య ఊరికి వచ్చాడు. ముందు పళ్ళు రెండు లేవు. బస్సు దిగిన చోట మావాళ్ళు దండ వేయబోతే చేత్తో తోసేశాడు. ఎదురుగా బారు మెట్ల మీద బైలప్ప కూర్చుని, పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు.

"నన్ను ఇడిపిస్తిరి, సరే" అన్నాడు కదిరయ్య. "వాణ్ణి పట్టేది ఎవురు?"

తరువాతి సంత నాడు లక్ష్మీదేవమ్మ పోలీసు స్టేషనుకు వెళ్ళింది. మేము ఆమె వెనక వెళ్ళాం.

"నా కొడుకును సంపింది బైలప్ప. రాసుకో" అంది.

"ఆ కేసు అయిపోయిందమ్మా" అన్నాడు సబిన్స్‌పెక్టరు. "హైకోర్టే వదిలేసింది. మళ్ళీ తెరవాలంటే చూసిన సాక్షులు కావాలి. ఉన్నారా?"

ఆమె వాకిలికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకుంది. బయట వరుస స్టేషను గేటు దాటి సంత వీధి దాకా ఉంది. బుట్టలు దింపినవాళ్ళు, మేకల్ని కట్టేసి వచ్చినవాళ్ళు, పక్క పల్లెలనుంచి వచ్చినవాళ్ళు.

సబిన్స్‌పెక్టరు రాయనన్నాడు. నేను గేటు పక్కన నేల మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచాను. మొదట మా అమ్మ వేలిముద్ర వేసింది. తరువాత కొల్లప్ప. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఏం చూశారో రాశాను. నా పేరూ రాసుకున్నాను. మధ్యాహ్నానికి అరవై దాటింది.

అప్పుడు చిక్కన్న వచ్చి వరుసలో నిలబడ్డాడు. కొందరు చెప్పులు తీశారు.

"నిలబడనీండి" అన్నాడు కదిరయ్య.

చిక్కన్న వంతు వచ్చింది. లక్ష్మీదేవమ్మే అడిగింది. "కోర్టులో ప్రమాణం చేసి చెప్పినావే. ఇప్పుడేం చెప్తావు?"

"ట్యాంకరుకు ఈ పక్క ఉంటిని. నాకేమీ కనపడలేదు. సద్దు ఒకటే విన్న్యాను. వాళ్ళు చెప్పమన్నది చెప్పినాను. నన్నూ జైల్లో ఏస్తారని తెలుసు. రాయప్పా."

రాశాను. వేలికంటిన సిరా తుడుచుకోవడానికి అందరికీ ఇచ్చిన గుడ్డ అతనికి ఇవ్వలేదు. అంత పెద్దమనసు నాకు రాలేదు.

మూడు గంటలకు పావగడనుంచి రెండు జీపులు వచ్చాయి. అక్రమంగా గుమిగూడడం, సర్కారు పనికి అడ్డం రావడం అని కదిరయ్యను, నన్ను, కొల్లప్పను పట్టుకున్నారు. కానిస్టేబులు నోటుపుస్తకం లాక్కొని రెండుగా చించి కాలువలో పడేశాడు. జనం కదల్లేదు. లాఠీలు లేచాయి, ముందున్నవాళ్ళు కూర్చున్నారు, వెనకున్నవాళ్ళూ కూర్చున్నారు. వరుస మాత్రం చెదరలేదు.

మమ్మల్ని జీపులోకి నెడుతుంటే హొన్నూరమ్మ పక్కన అంగడిలో అట్ట, కాగితాలు అడిగి తెచ్చుకుంది. నేను కూర్చున్న చోటే కూర్చుంది. పెన్ను గట్టిగా పట్టుకొని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైన తేదీ రాసింది. జీపు కదిలే సమయానికి ఆమె తలెత్తి, వరుసలో ముందున్న మనిషిని పిలిచింది.

"నీ పేరు చెప్పప్పా. యాడ నిలబడి చూసినావు?"