సగం ఓడ

యుద్ధకాలంలో సరుకు ఓడలకి ఎంత గిరాకీ అని! శత్రువు ఒకటి ముంచేలోపు ఇంకొకటి నీళ్లలోకి దించాలి, అంతే. అందుకే ఓడలు కట్టే యార్డులో ఆడవాళ్లకీ వెల్డింగ్ నేర్పారు. అలా నేర్చుకున్న ఒక కోడలుపిల్ల అతుకులు వేసిన ఓడలోనే, ఆమె మొగుడికి ఇంజను గదిలో ఉద్యోగం పడింది. "నా పెళ్లాం కుట్టిన చొక్కా వేసుకుని పోతున్నా," అని అతగాడు కనిపించిన వాళ్లందరి దగ్గరా గొప్పలు పోయాడు.

బాంబూ గీంబూ ఏమీ పడకుండానే, చలి సముద్రంలో ఆ ఓడ నడిమికి విరిగింది. వెనక సగం ఇంజను గదితో సహా మునిగిపోయింది. తేలుతున్న ముందు సగాన్ని యార్డుకి లాక్కొచ్చారు. దానికి కొత్త వెనక సగం కట్టి అతికిస్తారట. అంత ఇనుము పారేస్తారా మరి!

కబురు తెలిసిన రోజు నుంచీ అత్తగారిది ఒకటే మాట. "నీ అతుకే ఊడింది. నా కొడుకుని నువ్వే పొట్టన పెట్టుకున్నావు." కోడలికీ అదే భయం. తొందర తొందర అంటూ పైవాళ్లు నెత్తిన కూర్చుంటే చేసిన పని. ఎక్కడ ఏ లోపం ఉండిపోయిందో! ఆ అనుమానం ఆమెని లోపల్లోపలే తినేస్తోంది.

సగం ఓడ వచ్చిందనగానే చేతిలో పని వదిలేసి పరిగెత్తింది. నిచ్చెన ఎక్కింది. ఎవరి అతుకు పక్కన వాళ్ల అంకె గుద్దడం అక్కడి పద్ధతి. విరిగిన అంచు దగ్గరే తన అంకె కనబడింది. అతుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్లతో తడిమింది. చెక్కు చెదరలేదు. జానెడు అవతల, ఇనప పలకే పెంకులా పగిలింది.

"చలికి ఇనుమే పెళుసెక్కిందమ్మా. నీ తప్పేం లేదు," అన్నాడు మేస్త్రీ.

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకు సిగ్గేసింది. అక్కడే కూలబడి బావురుమంది.

ఇంటికొచ్చి, "అత్తయ్యా, నా అతుకు కాదు. చలికి ఇనుమే విరిగింది. నా కళ్లతో చూశాను," అంది.

ఇన్నాళ్లూ కోపంతో బిగుసుకుని నిలబడ్డ అత్తగారు ఒక్కసారిగా నీరుగారిపోయింది.

"చలికా?" అంది. "మరి ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోనే?"

కోడలు పక్కన కూర్చుని ఆవిడ చేతులు పట్టుకుంది.

"నన్నే తిట్టండి అత్తయ్యా," అంది.