నాలుగో స్తంభం

వంతెన నాలుగో స్తంభంలోంచి కోసి తీసిన ముక్క ముబారక్ అరచేతిలోనే పొడైపోయింది. రెండు పడవలు కలిపి కట్టిన బల్లమీద నిలబడి, గుర్రపుడెక్కను కాలితో తోసుకుంటూ పొద్దుటి నుంచీ యంత్రం పట్టినందుకు దక్కింది అది. ఆరు స్తంభాల్లోంచీ స్తంభానికొకటి చొప్పున మూరెడు కాంక్రీటు ముక్కలు కోసివ్వడం అతని పని. ఏలూరు నుంచి బస్సు ఛార్జీ తనదే, కూలి తొమ్మిది వందలు.

భూకంపం వస్తే కొల్లేటి దారిలోని పాత వంతెనల్లో ఏది నిలుస్తుందో, ఏది కూలుతుందో తేల్చే సర్వే ఇది. ఏళ్ల తరబడి రొయ్యల లారీలు కార్చిన ఉప్పునీళ్లకు లోపలి ఇనుము తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తోంది.

"పిండి పంపితే ల్యాబువాళ్లు తీసుకోరయ్యా," అంటూ సూపర్‌వైజరు సూర్యప్రకాశరావు బల్లమీద రాలిన ఆ పొడిని బూటుతో కాలవలోకి నెట్టాడు. "ఒడ్డున ఒకటో స్తంభం ఉందిగా, ఆరు ముక్కలూ అక్కడే కొయ్యి. ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లేసెయ్యి. సాయంత్రానికి రిపోర్టు వెళ్లిపోవాలి."

ఒకటో స్తంభానికేం, దర్జాగా ఉంది. దానికి నీళ్లు తగలవు, పైగా నిరుడే మరమ్మతు చేశారు. క్లాసులో ఫస్టొచ్చే పిల్లాడి చేత ఆరుగురి పరీక్షలూ రాయించడమన్నమాట. ముబారక్ కోశాడు. రేపు పనికి పిలవరేమోనన్న భయం అతనికీ ఉంది మరి.

సూపర్‌వైజరు కారులో భోజనానికి కూర్చున్నాడు. ఆటో కోసం చూస్తున్న సీతారత్నం నీడకని వంతెన కిందకు దిగింది. పక్క ఊరి రైతు ఇల్లాలు.

"ఏవండీ, భూకంపమొస్తే ఇది ఆగుతుందాండీ?"

ముబారక్ యంత్రానికి అంటిన సిమెంటు తుడవసాగాడు.

"దిగువ వంతెన మూసేశారండి. ఎగువది దీని ఈడుదే. మా కోడలికి ఈ వారంలోనే నెలలు నిండుతాయి. ఏలూరు ఆస్పత్రికి ఇంక దగ్గర దారి ఇదొక్కటే. లోపల కోసి చూసింది మీరే కదా, మీరు చెప్తే నమ్ముతానండి."

ముబారక్‌కి సిగ్గేసింది. తల కొట్టేసినట్టయింది.

"నాలుగోది పొడైపోయిందమ్మా," అన్నాడు. "ఆగదు."

రంగుడబ్బా మూత తీశాడు. మొదటి ముక్కమీద ఒకటి వేశాడు. రెండోదానిమీదా ఒకటే. ఆరింటిమీదా ఒకటే వేసి వరుసగా ఎండలో పెట్టాడు.

చెయ్యి కడుక్కొచ్చిన సూర్యప్రకాశరావు మొహం మాడిపోయింది.

"ఇదేంటయ్యా? తుడిచెయ్యి."

"తుడవనండి. ఎక్కడ కోశానో అదే రాశాను."

"రేపట్నించి నీకు పనుండదు."

"పోతే పోనివ్వండి. రెండు, మూడు, నాలుగు మీరే రాసుకోండి, మీ చేత్తో." ముబారక్ కుంచె అతనికి అందించాడు.

సీతారత్నం ఆటో వచ్చినా కదల్లేదు. సూర్యప్రకాశరావు చెయ్యి జేబులోంచి బయటకు రాలేదు.

అప్పుడే పైన రొయ్యల లారీ ఒకటి వంతెన ఎక్కింది. నాలుగో స్తంభం దగ్గర పెచ్చు ఊడి నీళ్లలో పడింది. సూర్యప్రకాశరావు తల పైకెత్తి చూసి, గబగబా వంతెన కింద నుంచి ఎండలోకి వెళ్లి నిలబడ్డాడు.

ముబారక్ కుంచె చాపే ఉంచాడు.