కెపాసిటర్లు మార్చిన తర్వాత

భీమవరం జువ్వలపాలెం రోడ్డులో ఉన్న యెహెజ్కేలు గారి రిపేరు షాపుకు టీవీలు రావడం ఎప్పుడో మానేశాయి. ఇప్పుడు వచ్చేవన్నీ రొయ్యల చెరువుల మోటార్లకు పెట్టే స్టార్టర్లు, ప్యానెళ్లు. ముప్పై నాలుగేళ్లు పిక్చర్ ట్యూబుల మీద చెయ్యి తిరిగిన ఆయనకు, ఉప్పునీటికి తుప్పుపట్టిన డబ్బాలు గీక్కుంటూ కూర్చోవడం నామోషీగా ఉండేది. అందుకే ఐస్ ఫ్యాక్టరీ వీరాస్వామి ట్రాలీ ఆటోలోంచి మనిషెత్తు చెక్కపెట్టె ఒకటి దింపించేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అది బిళ్ల వేసి ఆడే పాతకాలపు వీడియో గేమ్. పాలకొల్లులో మూతపడిన ఒక సినిమాహాలు క్యాంటీన్లో దుమ్ము కొట్టుకుని ఉంటే వీరాస్వామి కొనుక్కొచ్చాడు.

"ఇంటర్ క్లాసులు ఎగ్గొట్టి దీనిమీదే ఆడేవాళ్లమండి. నన్ను ఓడించినోడు లేడు. వచ్చే ఆదివారం నాతో చదువుకున్నోళ్లు ముగ్గురు వస్తున్నారండి. పోటీ పెట్టుకున్నాం. ఈలోగా దీన్ని బతికించాలండి."

యెహెజ్కేలు ప్లగ్గు పెట్టి చూశాడు. పెట్టె గుయ్యిమంది. తెర మధ్యలో చారెడు వెలుగు వచ్చి, చలిజ్వరం పట్టినట్టు వణికింది. అందులో బొమ్మ ఏదో, అక్షరం ఏదో తెలియలేదు.

ట్యూబులో మిగిలిన కరెంటును జాగ్రత్తగా దింపేసి బోర్డు బయటికి తీశాడు. కెపాసిటర్లంటే కరెంటును కాసేపు పట్టి ఉంచి నిలకడగా వదిలే చిన్న చిన్న గొట్టాలు. ముప్పై ఏళ్లకు వాటి లోపలి రసం ఎండిపోయింది. కొన్నిటి నెత్తి ఉబ్బింది, కొన్నిటి కింద గోధుమరంగు జిగురు కారింది. మొత్తం ఇరవై మూడు.

"అన్నీ మార్చేద్దామండి" అన్నాడు సంతోషంగా.

సంతోషానికి ఒకటే అడ్డం. వాటిమీద అచ్చేసిన అంకెలు ఆయనకు కనిపించడం లేదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఇష్టం లేక, మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్యతో "షాపులో లైటు సరిగా లేదు, కాస్త ఇది చదివి పెట్టు" అన్నాడు.

సువార్తమ్మ మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. లైటు వంక చూసింది, భర్త వంక చూసింది, తెల్లకాగితం మీద గీతలు కొట్టి జాబితా రాయడం మొదలుపెట్టింది. ఆవిడ చదువుతుంటే ఆయన పాతది ఊడదీసి కొత్తది అతికేవాడు. ఆవిడ టిక్కు పెట్టేది.

"తీసేముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకుందామండి."

"నాకు ఫొటో ఎందుకు? ప్లస్సు, మైనస్సు బోర్డు మీదే అచ్చేసి ఉన్నాయి కదా."

పద్నాలుగో కెపాసిటరు దగ్గర ఆవిడ మళ్లీ ఆగింది. "పాతదాని మైనస్సు గీత ఇటువైపు ఉందండి. మీరు అటు పెడుతున్నారు."

"ఆ పాతది పెట్టినవాడు పొరపాటు పడ్డాడు. బోర్డు చేసినవాడికి తెలియదా?"

బోర్డు చేసినవాడికి తెలియలేదు. అచ్చు తప్పు. సాయంత్రం స్విచ్చి వేసిన కొన్ని క్షణాలకు ఆ పద్నాలుగోది దీపావళి టపాకాయలా పేలింది. పక్క షాపు టైలరు కుట్టుమిషను వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తాడు. పేలిన గొట్టం తాలూకు మూత ఎగిరి, క్యారేజీలో మిగిలిన రొయ్యల వేపుడులో పడింది.

సువార్తమ్మ చెంచాతో ఆ మూత తీసి పక్కన పెట్టింది. జాబితాలో పద్నాలుగుకు ఎదురుగా ఉన్న టిక్కు కొట్టేసి, సున్నా చుట్టింది. ఆవిడ ఏదైనా అని ఉంటే బాగుండునని యెహెజ్కేలుకు అనిపించింది.

మర్నాడు కొత్తది సరైన వైపు పెట్టాడు. బోర్డు లోపల బిగిస్తూ ఉంటే, ట్యూబు మెడ దగ్గరి కాయిలుకు వెళ్లే రెండు వైర్లు తారుమారుగా ఉండడం కనిపించింది. ఎవరో తొందరలో అటుది ఇటు పెట్టారు. "ఏం పనివాళ్లో" అనుకుని వాటినీ సరిచేశాడు.

ఈసారి తెర నిండా బొమ్మ వచ్చింది. అంచులు గీత గీసినట్టు ఉన్నాయి. కత్తి పట్టుకున్న చిన్న మనిషి ఎర్రచొక్కాతో నిలబడ్డాడు. యెహెజ్కేలు చేతులు కట్టుకుని చాలాసేపు చూశాడు. పాత రోజుల్లో పనయ్యాక అలాగే చూసేవాడు.

కబురందిన పావుగంటకే వీరాస్వామి వచ్చి, చేతులు తుడుచుకుని, బొమ్మను నడిపే జాయ్‌స్టిక్ కర్ర పట్టుకున్నాడు. ఎర్రచొక్కా మనిషి వెనక్కి నడిచి రాయికి గుద్దుకున్నాడు. తర్వాత ముందుకొచ్చి గోతిలో పడ్డాడు. మూడు ప్రాణాలూ అర నిమిషంలో పోయాయి.

వీరాస్వామి తన చేతుల వంక చూసుకున్నాడు. "యెహెజ్కేలు గారూ, ఇది తిరగబడిందండి. కర్ర ఎటు తోస్తే బొమ్మ అటే వెళ్తోంది."

"అటే కదండి వెళ్లాలి?"

"అలా ఎప్పుడూ వెళ్లేది కాదండి. కుడికి తోస్తే ఎడమకి వెళ్లేది. ఆ కిటుకు పట్టడానికే మాకు ఒక వేసవంతా పట్టిందండి."

సువార్తమ్మకు విషయం అర్థమైంది. "అప్పట్లో తెర మీది ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగేవారా, బాబూ?"

"అది ఇంగ్లీషు అనుకోలేదండి. జపాను భాషని మాతో ఆడే దుర్గాసాయి చెప్పాడు."

యెహెజ్కేలు నవ్వు ఆపుకోవడానికి స్క్రూడ్రైవరు వెతుక్కుంటున్నట్టు వంగాడు. తను సరిచేసిన ఆ రెండు వైర్లు తారుమారుగా ఉండబట్టే, ఆ క్యాంటీనులో బొమ్మ ఏళ్ల తరబడి అద్దంలో చూసినట్టు తిరగేసి కనిపించిందన్నమాట. ఆ సంగతి వీరాస్వామికి చెప్పాడు.

"అయితే మళ్లీ అలాగే చేసి ఇచ్చెయ్యండి" అన్నాడు వీరాస్వామి.

యెహెజ్కేలు ముఖంలో నవ్వు పోయింది. "అది మాత్రం అడక్కండి. తిరగేసిన అక్షరాలున్న తెర నా షాపులోంచి బయటికి వెళ్లదండి."

"రెండు వైర్లే కదండి?"

"రెండు వైర్లే. కానీ తప్పు వైర్లు."

వీరాస్వామి చాలాసేపు బతిమాలాడు. చివరికి ముఖం ముడుచుకుని పెట్టె ఎక్కించుకుపోయాడు. వెళ్తూ వెళ్తూ ఆదివారం ఇద్దరినీ రమ్మని మాత్రం పిలిచాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక భార్యాభర్తలు ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లారు. నర్సాపురంలో చేపల వ్యాపారం చేసే దుర్గాసాయి, మరో ఇద్దరు స్నేహితులు అప్పటికే చొక్కాల చేతులు మడిచి సిద్ధంగా ఉన్నారు. మూడు రోజులు తలుపేసుకుని సాధన చేసిన వీరాస్వామి ముందు ఆడాడు. గోతిలో పడ్డాడు. దుర్గాసాయి అంతకన్నా ముందే పడ్డాడు. మిగతా ఇద్దరూ రాయిని గుద్దుకున్నారు.

"ఒరేయ్, ఇది మన మిషను కాదురా" అన్నాడు దుర్గాసాయి. "ఇందులో ఇంగ్లీషు ఉంది."

వీరాస్వామి భార్య సూర్యకళ పులిహోర పళ్లెం పట్టుకొచ్చి, వాళ్ల ముఖాలు చూసింది. "నేనోసారి చూడనా?" అని పళ్లెం సువార్తమ్మ చేతికిచ్చి కర్ర పట్టుకుంది. ఆవిడ అంతకుముందు ఏ వీడియో గేమూ ముట్టుకోలేదు. బొమ్మను కుడికి తీసుకెళ్లాలనిపిస్తే కుడికి తోసింది. గొయ్యి దాటింది, రాయి దాటింది, వంతెన ఎక్కింది. నలుగురు మగాళ్లూ ఆవిడ వెనక గుంపుగా చేరారు.

"వదినా, ఆ మెట్టు దగ్గర ఎడమపక్కన గబ్బిలం వస్తుందండి" అని దుర్గాసాయి హెచ్చరించాడు.

గబ్బిలం కుడిపక్క నుంచి వచ్చింది. ఆవిడ దాన్ని కూడా కొట్టింది.

వీరాస్వామి యెహెజ్కేలును ఐసు దిమ్మెల పక్కకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "రేపు ఎవరూ లేనప్పుడు వచ్చి ఆ వైర్లు తిరగెయ్యండి. నా పరువు చూడండి."

ఆ ముఖం చూస్తే యెహెజ్కేలుకు జాలేసింది. ఐదు నిమిషాల పనేగా అనిపించింది. ఏదో అనబోయాడు.

"యెహెజ్కేలు గారూ" అంది సూర్యకళ తెర మీంచి కన్ను తీయకుండా, "బొమ్మ చాలా చక్కగా ఉందండి. దీన్ని ఎవరూ కదపకండి."

తన పని గురించి ఆమాట విని ఎన్నేళ్లయిందో ఆయనకు గుర్తు లేదు. "ఆయ్, కదపనండి" అన్నాడు.

ఆవిడ ఆటలో మూడో లెవెలు దాకా వెళ్లి ఓడిపోయింది. తర్వాత భర్తను పిలిచి కర్ర ముందు నిలబెట్టింది. "కుడివైపంటే కుడివైపేనండి. అంతకన్నా ఏమీ లేదు." అలవాటుగా ఎడమకు పోతున్న ఆయన చేతిమీద తన చెయ్యి వేసి కుడికి తోసింది.

ఆరోసారికి వీరాస్వామి గొయ్యి దాటాడు. అందరికన్నా ముందు సువార్తమ్మ చప్పట్లు కొట్టింది.