డిప్ప వదిలిన పూట

నాగాయలంకలో దుర్గారావు ఇంట్లో తెల్లారితే మొదటి పని, భార్య నాగమల్లేశ్వరి ఎనిమిది కాళ్ళకూ కొబ్బరినూనె పట్టించడం. ఆవిడ నడుం పైన మనిషి, కింద పీత. నూనె రాయకపోతే కీళ్ళు కిర్రుమని బందరు బస్సులో జనానికి నిద్ర చెడుతుంది. చేపల తట్టతో ఆవిడ అడ్డంగా నడుచుకుంటూ బజారులో దిగిందంటే, బేరాలాడే నోళ్ళన్నీ ఠక్కున మూతపడాల్సిందే. కృష్ణాజిల్లాలో అంతటి చేపలమ్మే మనిషి పుట్టలేదు, పుట్టదు!

పీతవాళ్ళు ఏడాదికోసారి పాత డిప్ప వదుల్తారు. కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళంతా వెన్నముద్దే. ఆ వాసనకు సొంత రక్తంవాళ్ళకే ఆకలి పుడుతుంది, కన్నతండ్రికైనా సరే. కబురు చెవిన పడితే చాలు, కాళ్ళు ఆగవు. అందుకే పుట్టింటికి చెప్పరు. మొగుడు తన ఎనిమిది కాళ్ళ మధ్య పెళ్ళాన్ని దాచుకుని కాపలా కాస్తాడు. దుర్గారావుకు ఉన్నవి రెండే. పైగా గుడివాడ మనిషి, ఈ సంగతేదీ తెలీదు. ఇంట్లో విశేషం జరుగుతుంటే పిల్ల తండ్రిని పిలవకుండా ఉండగలడా?

"ఎవరికండీ ఫోను?" అంది నాగమల్లేశ్వరి, పెళ్ళయ్యాక మొదటిసారి వీపున డిప్ప చిట్లుతుంటే.

"మావయ్యగారికే. భోజనానికి రమ్మన్నా. మర్యాద కదా!"

ఆవిడ మొహం పాలిపోయింది. "గడియ వెయ్యండి. మీ మర్యాద మండిపోనూ!"

మావగారు నాంచారయ్య సామాన్యుడా! తుఫానులో తాడు తెగిన రెండు లాంచీలను పీత మగాళ్ళకుండే రెండు కత్తెర చేతులతో పట్టుకుని, తెల్లవార్లూ సముద్రంతో వెటకారాలాడినవాడు. మిట్టమధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద ఆయన కాళ్ళు టకటకమంటుంటే, వీధిలోవాళ్ళు "పెద్దాయనొస్తున్నాడు" అని పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు.

టకటకలు గుమ్మం ముందు ఆగాయి.

"ఎందుకు చెప్పారండీ అల్లుడుగారూ? మోపిదేవి వెళ్ళిపోదామని బస్సెక్కాను. కాళ్ళే నన్ను దింపేసి ఇటు తెచ్చాయి. నేనేం అడిగినా తలుపు తియ్యకండి."

"తియ్యను మావయ్యగారూ."

కాసేపటికి ఆ గొంతే తేనెలా మారింది. "ఒక్కసారి చూసి పోతాను బాబూ. నా వీపెక్కి ఆడుకున్న పిల్ల." తలుపు సందులోంచి ఆయన నోటి తెల్లటి నురగ లోపలికి పాకింది.

మంచం మీద నాగమల్లేశ్వరి తాటిముంజెలా వణుకుతోంది. లేవలేదు.

తలుపు ఫెళ్ళున చీలింది. కత్తెర చెయ్యి లోపలికొచ్చి గాలిలో వెతికింది, మంచం కోడును పుల్లలా తుంచింది. బొద్దింకకు భయపడే దుర్గారావు రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాడు. అది అతన్ని గోడకేసి బాదింది. ఇల్లు పునాదులతో సహా ఎగిరిపడింది. అయినా వదల్లేదు.

"పట్టుకో అల్లుడూ!" బయటినుంచి అసలు గొంతు. "గట్టిగా!"

పటుక్కుమంది. చెయ్యి భుజం దగ్గర ఊడి దుర్గారావు మీద పడింది. గుమ్మం అవతల ఇంకో పటుక్కు. కత్తెరలు లేని పీతవాడు దేన్నీ చీల్చుకు తినలేడు.

పీతవాళ్ళు తలచుకుంటే తమ చేతిని తామే తెంచుకోగలరు. మళ్ళీ డిప్ప వదిలినప్పుడు అది మొలుస్తుంది. నాంచారయ్య వయసువాళ్ళు ఇంక డిప్ప వదలరు.

మర్నాటికి నాగమల్లేశ్వరి ఒళ్ళు గట్టిపడింది. చేతుల్లేని తండ్రిని ఇంట్లోనే పెట్టుకుంది. రోజూ పులుసన్నం మెత్తగా పిసికి, పొడుగు కాడ గరిటెతో ఆయన నోటికి అందిస్తుంది. చేత్తో పెట్టమని ఆయన ఒక్కనాడూ అడగలేదు.