పక్క తలుపు

కౌన్సిల్ హాల్లో గ్లెనిస్ ప్రాసర్ ముందు వరుసలోనే కూర్చుంది. ఒళ్లో నాలుగు వేల సంతకాల కట్ట. రెండు నెలలు వానలో ఇల్లిల్లూ తిరిగి, కాళ్లరిగేలా పోగుచేసింది. లోయలో ఈతకొలను ఉన్న ఒకే ఒక్క లీజర్ సెంటర్‌ని మూసేస్తారట! పక్షవాతం వచ్చాక ఆమె భర్త ఇద్రిస్ నేల మీద రెండడుగులు వేయలేడు. అక్కడి కొలనులో, గోరువెచ్చని నీళ్లలో మాత్రం ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడుస్తాడు. కొలను పోతే ఆ నడకా పోతుంది.

"కంగారు పడకే గ్లెన్. ఇవాళ వీళ్ల తిక్క కుదర్చాల్సిందే," అంది పక్కనున్న మేవిస్, ఫ్లాస్కులోంచి టీ వంచుతూ.

కౌన్సిలర్ హావర్డ్ లేచి కాగితం చదివాడు. "ఉదయం ఈతకు వస్తున్నది వారానికి పదకొండు మంది."

హాలు గొల్లుమంది. "పదకొండా? నీకు లెక్కలు చెప్పిన పంతులెవరయ్యా బాబూ! మా బుధవారం గుంపే అరవై మందిమి!" అని అరిచింది మేవిస్.

"నా లెక్క కాదమ్మా. ముందు గేటు దగ్గర కార్డు గీకితేనే మనిషి వచ్చినట్టు. ఆ యంత్రం చెప్పిందే చదివాను."

గ్లెనిస్ చప్పున తలెత్తింది. ఒళ్లోని కట్ట జారి నేల మీద పడింది. పక్క తలుపు! ఇద్రిస్ చక్రాల కుర్చీ ముందు గేటులో పట్టదని మేనేజరు ఆ తాళంచెవి ఆమెకే ఇచ్చాడు. వానలో వరుస కట్టిన ముసలివాళ్లను చూసి ఉండబట్టలేక, "రండి రండి, తడిసిపోతున్నారు" అంటూ ఐదేళ్లుగా అందరినీ అటు నుంచే లోపలికి పంపింది. అందరికీ ఏడాది పాసులున్నాయి, ఎవరినీ మోసం చేసింది లేదు. అయినా లెక్కలో కొలనును ఖాళీ చేసింది తనే.

లేచి నిలబడి ఆ మాటే చెప్పింది.

హావర్డ్ చాలాసేపు పక్కవాళ్లతో గుసగుసలాడాడు. "సరే. నాలుగు వారాలు మళ్లీ లెక్కిద్దాం. కానీ అందరూ ముందు గేటు నుంచే రావాలి. పక్క తలుపుకి సీలు వేయిస్తాం."

బుధవారం పొద్దున వానలో వరుస వీధి మలుపు దాకా సాగింది. ఒక్కరూ కసురుకోలేదు. గ్లెనిస్ కుర్చీని గేటు దాకా తోసింది. చక్రాలు ఇనుప కమ్మీలకు తగిలి ఆగిపోయాయి. ఇంకోలా తిప్పి చూసింది. పట్టలేదు. ఇంత తెలిసిన సంగతి ఆ రోజు హాల్లో తన నోటికెందుకు రాలేదో ఆమెకు అర్థం కాలేదు.

"నువ్వెళ్లవే," అన్నాడు ఇద్రిస్, గొడుగు తన చేతిలోకి తీసుకుంటూ. "నీ కార్డు గీకు. నాది మాత్రం గీకకు, మళ్లీ లెక్క తప్పుతుంది."