రంగు చేతుల ఓటు

మా మామయ్యకు ఒక సిద్ధాంతం ఉంది. ఇంటికి ఒక్క ఓటు చాలు, మిగతావన్నీ దానికి నకళ్ళేనట. అందుకే ఇంటి వెనక గుడ్డలకు రంగులేసే షెడ్డులో చెయ్యి పెట్టని తొట్టి లేని మా అత్తయ్య, ఓటర్ల జాబితాలోకి మాత్రం ఇన్నేళ్ళుగా ఎక్కనే లేదు.

నాకు ఓర్పు తక్కువ. కోడలిగా వచ్చిన కొత్తలో నోరు మూసుకున్నాను గానీ, ఈసారి వార్డు ఎన్నికలు ప్రకటించాక ఆగలేక, పేరు ఎక్కిద్దాం పదమన్నాను. తొట్టిలో గుడ్డ కలుపుతూ, ఎటో చూస్తూ, "నాకూ ఓటు ఇస్తారంటావా?" అని అడిగింది అత్తయ్య. ఆ బెరుకు వింటే ఒళ్ళు మండింది. ఓటేమైనా పక్కింట్లో అడిగి తెచ్చుకునే చేబదులా?

మర్నాడే ఆవిడను వార్డు ఆఫీసుకు లాక్కెళ్ళాను. ఫోటో ఉంది, వయసుకు ఆధారం ఉంది. ఆ ఇంట్లోనే ఉంటోందనడానికి మాత్రం కాగితం ముక్క లేదు. ఇల్లు మామయ్యది, కరెంటు బిల్లు మామయ్యది, కుళాయి బిల్లూ ఆయనదే.

"అయితే ఇంటాయన రాసివ్వాలమ్మా, ఈవిడ మా ఇంట్లోనే ఉంటోందని," అన్నాడు గుమాస్తా.

మామయ్య పెన్ను పట్టుకుని పకపకా నవ్వాడు. "ఇదెక్కడికి పోతుందని రాసివ్వాలి? సరేలే, నేను చెప్పినవాడికే గుద్దుతుందిగా. ఒకటికి రెండు!"

విచారణకు వచ్చిన ఉద్యోగి షెడ్డులోకి తొంగిచూసి, మోచేతుల దాకా నీలంలో మునిగిన అత్తయ్యను చూసి, ఇంకేమీ అడక్కుండానే వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు జాబితాలో పేరు పడింది. అత్తయ్య నాచేత దాన్ని చదివించుకుంది. కాసేపాగి మళ్ళీ చదవమంది.

పోలింగు ముందురోజు దాకా యూనిఫారాల ఆర్డరు, అంతా ముదురు నీలం. పోలింగు రోజు పొద్దున్నే అత్తయ్య చేతులు సబ్బుతో తోమింది, ఇసుకతో తోమింది, చర్మం మండింది గానీ రంగు కదల్లేదు. రంగులవాళ్ళ చేతులు ఇలాగే ఉంటాయని ఊరుకున్నాం. అక్కడే చిక్కొచ్చి పడుతుందని మా ఇద్దరాడవాళ్ళలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

బడిగదిలో పోలింగు. మా వంతు వచ్చేసరికి, గోడవార బెంచీ మీద కూర్చున్న ఒక అభ్యర్థి తాలూకు ఏజెంటు లేచాడు. గొంతు పెద్దదని వీధంతా ఆయన్ను మైకు అంటారు.

"ఆగండాగండి! ఆ వేలు చూడండి. ఎక్కడో వేసేసి వచ్చింది ఈవిడ!"

"పది వేళ్ళకీ ఉంది కదండీ. పది ఓట్లు వేసొచ్చిందంటారా?" అన్నాను.

క్యూలో నవ్వులు లేచాయి. అత్తయ్య నవ్వలేదు. చేతులు రెండూ వెనక్కి దాచుకుంది. "పోనీలేవే, ఇంటికి పోదాం పద," అంది చిన్నగా. నేను ఆవిడ భుజం పట్టుకుని ఆపాను. ఇప్పుడు వెనుదిరిగితే ఈవిడ మళ్ళీ ఈ గడప తొక్కదని నాకు తెలుసు.

పోలింగు అధికారిణి కుర్చీలోంచి లేచి వచ్చింది. బక్కపలచటి మనిషి, నిద్రలేని కళ్ళు. పేరు అడిగింది, ఫోటోతో ముఖం పోల్చి చూసింది. "ఈ పేరు మీద ఇంకా ఎవరూ ఓటు వేయలేదు. ఈవిడ వేస్తారు."

"మరి గుర్తెక్కడ పెడతారు? ఆ నీలం మీద సిరా కనబడుద్దా? రేపెవరైనా అడిగితే?" అన్నాడు మైకు. ఆ మాటా నిజమే. అధికారిణి అత్తయ్య చేతులు తిప్పి తిప్పి చూసింది. గోళ్ళ కింద కూడా నీలమే. ఆమె చూపు కిందికి, అత్తయ్య కాళ్ళ వైపు జారింది.

"అమ్మా, ఒక చెప్పు విప్పండి."

షెడ్డులో అత్తయ్య మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుంటుంది. రంగంటని పాదం చెప్పులోంచి బయటికొచ్చింది. అధికారిణి సిరా సీసా పట్టుకుని, సుద్దపొడి పడ్డ ఆ నేల మీద మోకాళ్ళూనింది.

"అయ్యయ్యో! అంత పెద్ద ఉద్యోగం చేస్తా మీరు నా కాళ్ళు పట్టుకోవడమేంటమ్మా!"

"కదలకండి, చెదిరిపోతుంది."

మైకు ఇంకా నిలబడే ఉన్నాడు. గుమ్మం దగ్గర పోలీసు, సీలు వేసిన పెట్టె, వీధి మలుపు దాకా సాగిన క్యూ, అన్నీ ఆగిపోయి మా అత్తయ్య కాలి బొటనవేలు వంక చూస్తున్నాయి. ఊరంతటినీ లెక్కపెట్టే పని, ఈ ఒక్క మనిషిని వదిలేసి ముందుకు కదలనంటోంది. నేను దేవుణ్ణి కూడా నిలదీసే రకాన్ని. అలాంటిదాన్ని, తెలియకుండానే చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఇంత గొప్ప పని ఇంత మామూలు గదిలో జరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అత్తయ్య ఓటు గుద్దే చోట అడ్డం పెట్టిన అట్టల చాటుకు వెళ్ళి చాలాసేపు అక్కడే ఉంది. ఎవరూ తొందరపెట్టలేదు. ఇంటికొచ్చే దారి పొడుగునా సిరా చెరిగిపోతుందేమోనని ఆ చెప్పు చేత్తో పట్టుకునే నడిచింది.

మామయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏం, మనవాడికే గుద్దావుగా?"

"చెప్పకూడదంట," అంది అత్తయ్య.

"ఎవరికి? నాక్కూడానా?"

"ఎవ్వరికీనంట."

ఆయన నావైపు తిరిగాడు. "నువ్వు పక్కనే ఉన్నావుగా, నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు మామయ్యా? అట్ట అడ్డం ఉంది."

మామయ్య అత్తయ్య ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ముఖంలో తనకు తెలియనిది ఒకటి ఉందని ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. అత్తయ్య ఏమీ అనకుండా షెడ్డులోకి నడిచింది. ఆయన వెనకాలే వెళ్ళాడు. "పోనీ, గెలిచేవాడికేనా?" అని అడుగుతున్నాడు, నేను ముందెప్పుడూ వినని మెత్తటి గొంతుతో.